ట్యాబ్‌లో బొమ్మలు వేయడానికి ఫ్రీ యాప్‌ను ఎలా ఎంచుకోవాలి

"అంకుల్, ప్రొక్రియేట్ ఎలా డౌన్‌లోడ్ చేసుకోవాలి?" చెన్నై విరుగంబాక్కంలో మా వీధి పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఇది. చేతిలో ఉండేది మాత్రం ఆండ్రాయిడ్ ట్యాబ్. బొమ్మలు వేసే ఈ ప్రొక్రియేట్ యాప్ ఆపిల్ పరికరాల్లోనే పనిచేస్తుంది, పైగా డబ్బు కట్టి కొనాలి. ఆండ్రాయిడ్ స్టోర్‌లో ఆ పేరును పోలిన పేర్లతో ఏవేవో కనిపిస్తాయి. వాటిలో ఏదీ అసలుది కాదు. యాప్ పేరు పట్టుకుని బయల్దేరితే చివరికి ఏదో ఒక నకిలీ ఇన్‌స్టాల్ అయి కూర్చుంటుంది.

అందుకే వెతకడం ట్యాబ్ దగ్గర మొదలుపెట్టండి. తర్వాత పెన్ను, ఆ తర్వాత మీరు వేయబోయే బొమ్మ. యాప్ వంతు వీటి తర్వాతే. ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. ఎన్ని బ్రష్‌లున్నాయన్నది నాకు రెండో సంగతి. మీ బొమ్మను ఆ యాప్‌లోంచి పూర్తిగా బయటికి తీసుకోగలరా లేదా అన్నదే మొదటి సంగతి. బొమ్మను తనలోనే బంధించుకునే యాప్ ఎంత ఫ్రీగా వచ్చినా దాని జోలికి వెళ్లకండి.

1. ట్యాబ్ సంగతి చూడండి

సెట్టింగ్స్‌లోకి వెళ్లి "అబౌట్ టాబ్లెట్" తెరవండి. మోడల్ పేరు, ర్యామ్ ఎంత, ఆండ్రాయిడ్ ఎన్నో వెర్షన్, ఎంత స్టోరేజ్ ఖాళీగా ఉంది అన్నవి ఓ కాగితం మీద రాసుకోండి. ఐప్యాడ్ అయితే మోడల్, ఐప్యాడ్‌ఓఎస్ వెర్షన్ చాలు.

వీటిలో ర్యామ్ ఎందుకంత ముఖ్యమో చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. ఏ4 కాగితం మీద శుభ్రంగా ప్రింట్ రావాలంటే 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) కావాలి. అంటే 2480 × 3508 పిక్సెల్స్, మొత్తం సుమారు 87 లక్షల చుక్కలు. ఒక్కో చుక్క రంగుకు 4 బైట్లు పడతాయి. బొమ్మను ఒకదానిపై ఒకటిగా వేసుకునే పొరలను లేయర్లంటారు. ఒక్క లేయర్‌కే దాదాపు 35 ఎంబీ. పది లేయర్లు వేస్తే 350 ఎంబీ. ఇది బొమ్మకు మాత్రమే. వెనక్కి వెళ్లడానికి, అంటే అన్‌డూ కోసం, యాప్ దాచుకునే జ్ఞాపకాలు వేరే ఉంటాయి. 3 లేదా 4 జీబీ ర్యామ్ ఉన్న ట్యాబ్‌లో సగం దాకా ఆండ్రాయిడ్‌కే సరిపోతుంది. మిగిలినదాంట్లో యాప్ సర్దుకోవాలి. "లేయర్లు ఆరే ఇస్తోంది, ఇదేం యాప్" అని చాలామంది విసుక్కుంటారు. చాలాసార్లు ఆ పరిమితి యాప్ పెట్టింది కాదు, ట్యాబ్ ర్యామ్‌ను చూసి లెక్కకట్టింది.

ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడానికే అయితే 1080 × 1350 సైజు చాలు. దానికి లేయర్‌కు 6 ఎంబీ కూడా పట్టదు. కాబట్టి తక్కువ ర్యామ్ ఉందని దిగులు పడక్కర్లేదు, కాన్వాస్ సైజు పనికి తగ్గట్టు పెట్టుకుంటే సరి. తరువాత ప్రింట్ వేయించాలనిపిస్తే మాత్రం చిన్న సైజులో వేసిన బొమ్మను సాగదీయలేరు. మసకబారుతుంది. అందుకే కాన్వాస్ తెరిచేటప్పుడే ఇది ఫోన్‌లో చూసుకోవడానికా, గోడకు తగిలించడానికా అన్నది తేల్చుకోండి.

2. పెన్ను రాతే వేరు

ట్యాబ్ పెన్నుల్లో రెండు జాతులు. ఒకటి నొక్కుడును గుర్తుపట్టేది. గట్టిగా నొక్కితే గీత లావవుతుంది, తేలిగ్గా ఆనిస్తే సన్నబడుతుంది. శాంసంగ్ ఎస్ పెన్, ఆపిల్ పెన్సిల్‌లో చాలా మోడళ్లు ఈ రకం. ఎస్ పెన్‌కు గీయడం వరకూ ఛార్జింగ్ కూడా అక్కర్లేదు. రెండోది వేలికి బదులు వాడే రకం. చెన్నైలో ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్‌లో దుకాణాల ముందు వేలాడే రబ్బరు మొన పెన్నులు, గుండ్రటి ప్లాస్టిక్ బిళ్ల ఉన్నవి, "యూనివర్సల్" అని రాసుండే ఛార్జింగ్ పెన్నులు దాదాపు అన్నీ ఇవే. మొన సన్నగా ఉన్నంత మాత్రాన నొక్కుడు తెలియదు.

కొనేముందు అక్కడే పరీక్షించండి. ఏదైనా డ్రాయింగ్ యాప్ తెరిచి, పెన్సిల్ బ్రష్ తీసుకుని, తేలిగ్గా మొదలుపెట్టి నొక్కుతూ ఒక గీత లాగండి. గీత మొదటి నుంచి చివరి దాకా ఒకే లావు ఉంటే దానికి నొక్కుడు తెలియదన్నమాట. దుకాణదారు ఏం చెప్పినా గీత చెప్పిందే నమ్మండి. మీ ట్యాబ్ మీదే పరీక్షించాలి, వాళ్ల డెమో ట్యాబ్ మీద కాదు.

ఇక్కడ రెండు చోట్ల జనం డబ్బు పోగొట్టుకుంటున్నారు. శాంసంగ్‌లో ట్యాబ్ ఎస్ సిరీస్‌కు ఎస్ పెన్ పనిచేస్తుంది. ట్యాబ్ ఏ సిరీస్‌లో చాలావాటికి పనిచేయదు. పెన్ను విడిగా కొని తెచ్చుకున్నా గీత పడదు. ఐప్యాడ్ వైపు చూస్తే, 2023లో వచ్చిన యూఎస్‌బీ-సీ రకం ఆపిల్ పెన్సిల్ ధర తక్కువ. కానీ దానికి పెన్ను వంపు తెలుస్తుంది గానీ నొక్కుడు తెలియదు. నోట్స్ రాసుకోవడానికి బావుంటుంది, బొమ్మలకు సగం సుఖమే. ఆపిల్ పెన్సిల్ అని రాసుంది కదా అని కొనేయకండి.

నొక్కుడు లేని పెన్నే ఉన్నా బొమ్మలు ఆగిపోవు. గీత మొదలు, చివర తనంతట తానే సన్నబడేలా చేసే సెట్టింగ్ కొన్ని యాప్‌లలో ఉంటుంది. ఐబిస్ పెయింట్‌లో ఉంది. మీకు అలాంటి పెన్ను ఉంటే ఈ ఒక్క కారణంతోనే దాన్ని జాబితాలో చేర్చుకోవచ్చు.

3. ఏం వేస్తారో చెప్పుకోండి

"అన్నీ వేస్తాను" అనకండి. వచ్చే రెండు నెలల్లో ఏం వేస్తారన్నది ఒక్క వాక్యంలో రాసుకోండి. పెన్సిల్ స్కెచ్‌లా, నీటిరంగుల్లాంటివా, కామిక్సా, ముగ్గులా, పెళ్లి శుభలేఖలా, కదిలే బొమ్మలా? ఆ వాక్యాన్ని బట్టి సగం యాప్‌లు వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి.

4. రెండు యాప్‌లు చాలు

స్టోర్‌లో ఉన్నవన్నీ వేసి చూడాలనుకుంటే వేలు నొప్పి తప్ప ఏమీ మిగలదు. కిందివాటిలో మీకు నప్పే రెండింటిని తీసుకోండి.

క్రిటా. పూర్తిగా ఉచితం. యాడ్స్ లేవు, తాళం వేసిన బ్రష్‌లు లేవు. ఇది ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండేది), నెదర్లాండ్స్‌లోని క్రిటా ఫౌండేషన్ ఆధ్వర్యంలో నడుస్తోంది. కంప్యూటర్లో ఎప్పటినుంచో ఉంది, ఆండ్రాయిడ్ ట్యాబ్‌లకు 2020లో వచ్చింది. ఐప్యాడ్‌కు లేదు. వంద పైచిలుకు బ్రష్‌లు, లోతు చూపించే గీతలకు సహాయక రూళ్లు, ఒకేసారి నలువైపులా గీసే మల్టీబ్రష్, యానిమేషన్ టైమ్‌లైన్, అన్నీ తెరిచే ఉంటాయి. దీని మీద నాకు చాలా గౌరవం. అయినా అందరికీ ఇదే అని చెప్పను. కంప్యూటర్ స్క్రీన్‌ను తెచ్చి ట్యాబ్‌లో కూర్చోబెట్టినట్టు ఉంటుంది. మీటలు చిన్నవి, వేలితో నొక్కితే పక్కది నొక్కుకుంటుంది. ర్యామ్ బాగా తింటుంది. మంచి పెన్ను, 6 జీబీ లేదా ఆపైన ర్యామ్ ఉంటే దీన్ని వదులుకోకండి. పదేళ్ల పిల్లలకు మొదటి యాప్‌గా మాత్రం ఇవ్వను.

ఐబిస్ పెయింట్. జపాన్ నుంచి వచ్చింది. తక్కువ ర్యామ్ ఉన్న ట్యాబ్‌ల మీద కూడా చురుగ్గా నడుస్తుంది. ఫ్రీ వెర్షన్‌లో యాడ్స్ వస్తాయి, కొన్ని బ్రష్‌లు యాడ్ చూస్తేనే తెరుచుకుంటాయి. చేయి వణికినా గీతను నున్నగా చేసే స్టెబిలైజర్ బావుంటుంది. బొమ్మ వేస్తున్నంతసేపూ తానే రికార్డు చేసి, చివర్లో వేగంగా నడిచే వీడియో తయారుచేసి ఇస్తుంది. పిల్లలకు ఇది మహా ఇష్టం. నేర్పేవాళ్లకు కూడా పనికొస్తుంది, ఎక్కడ తడబడ్డారో వీడియోలో కనిపిస్తుంది కదా.

స్కెచ్‌బుక్. పేపరు మీద పెన్సిల్ అలవాటున్నవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. స్క్రీన్ మీద మీటలు తక్కువ, గీసేటప్పుడు అడ్డురావు. పెన్సిల్ గీత నిజంగా పెన్సిల్‌లాగే అనిపిస్తుంది. ఇది ఒకప్పుడు ఆటోడెస్క్ కంపెనీది. 2018లో అందరికీ ఉచితం చేశారు, 2021లో విడిపోయి స్వతంత్ర కంపెనీ అయింది. ఇప్పుడు మామూలు వెర్షన్ ఫ్రీ, అదనపు పనిముట్లకు డబ్బు కట్టాలి. స్కెచింగ్ వరకూ ఫ్రీదే చాలు.

అడోబీ ఫ్రెస్కో. ఐప్యాడ్ ఉన్నవాళ్లు తప్పక చూడండి. 2024 అక్టోబరులో పూర్తిగా ఉచితం చేశారు. తడి కాగితం మీద రంగు పాకినట్టు దీని నీటిరంగు స్క్రీన్ మీద పాకుతుంది. రెండు రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతుంటే చూడటమే ఆనందంగా ఉంటుంది. అడోబీ అకౌంట్‌తో లాగిన్ కావాలి. ఆండ్రాయిడ్‌కు లేదు.

కామిక్స్ వేసేవాళ్లయితే మెడిబ్యాంగ్ పెయింట్ చూడండి, గడులు విడగొట్టే పనిముట్లు ఉన్నాయి. కదిలే బొమ్మలకు ఫ్లిపాక్లిప్ తేలిక, ఫ్రీలో వాటర్‌మార్క్ పడుతుంది. శాంసంగ్ ట్యాబ్‌లో పెన్‌అప్ ఉంటే అందులో చిన్న పిల్లలు రంగులు నింపుకోవచ్చు.

ఎటూ తేలకపోతే నా మాట ఇది. నొక్కుడు తెలిసిన పెన్ను, బాగా ర్యామ్ ఉన్న ఆండ్రాయిడ్‌కు క్రిటా, స్కెచ్‌బుక్. మామూలు పెన్ను, తక్కువ ర్యామ్ ఆండ్రాయిడ్‌కు ఐబిస్ పెయింట్, స్కెచ్‌బుక్. ఐప్యాడ్‌కు ఫ్రెస్కో, ఐబిస్ పెయింట్.

5. ఇన్‌స్టాల్ నొక్కేముందు పేజీ చదవండి

యాప్ పేరు కిందే చిన్న అక్షరాల్లో "యాడ్స్ ఉన్నాయి", "యాప్‌లో కొనుగోళ్లు ఉన్నాయి" అనే అర్థం వచ్చే లైను ఉంటుంది. డెవలపర్ పేరు అసలు కంపెనీదేనా అన్నది అక్కడే కనిపిస్తుంది. చివరి అప్‌డేట్ ఎప్పుడో చూడండి. ఏళ్లతరబడి ఎవరూ ముట్టుకోని యాప్ రేపు మీ కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్‌లో తెరుచుకోకపోవచ్చు. డేటా సేఫ్టీ భాగంలో ఏమేం సేకరిస్తారో రాసుంటుంది. బొమ్మలు వేసే యాప్‌కు కాంటాక్టులతో, లొకేషన్‌తో పనిలేదు. అడిగితే ఇవ్వకండి.

రివ్యూలలో అయిదు నక్షత్రాలవి వదిలేయండి. రెండు, మూడు నక్షత్రాలవి చదవండి. "అప్‌డేట్ తర్వాత బొమ్మలన్నీ పోయాయి" అన్న మాట పదేపదే కనిపిస్తే ఆ యాప్ వద్దు.

"ప్రీమియం మొత్తం ఫ్రీ" అంటూ టెలిగ్రామ్‌లో తిరిగే ఏపీకే ఫైళ్లను (స్టోర్‌తో పనిలేకుండా యాప్‌ను ఇన్‌స్టాల్ చేసేవి) దయచేసి ట్యాబ్‌లోకి రానివ్వకండి. అదే ట్యాబ్‌లో మీ బ్యాంకు యాప్, మీ మెయిల్ ఉంటాయి. అందులో ఏం కలిపారో మీకు తెలిసే దారి లేదు. పైన చెప్పిన మంచి యాప్‌లు ఉచితంగానే దొరుకుతుంటే ఆ ప్రమాదం ఎందుకు?

పిల్లల చేతికిచ్చే ట్యాబ్ అయితే ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. ఆ తర్వాత యాప్ ఒకసారి తెరుచుకున్నాక ఏరోప్లేన్ మోడ్ వేసి చూడండి. ఇంటర్నెట్ లేకుండా బొమ్మ వేయనిస్తే పిల్లలకు అలాగే ఇవ్వవచ్చు. యాడ్స్ బెడద తగ్గుతుంది, ముక్కూమొహం తెలియనివాళ్ల కామెంట్లు కూడా ఉండవు.

6. ఒకే బొమ్మను రెండింట్లోనూ వేయండి

ఈ మెట్టుకు ఒక పూట కేటాయించండి. రెండు యాప్‌లలోనూ అదే కాన్వాస్ సైజు, అదే బొమ్మ. వేర్వేరు బొమ్మలు వేస్తే ఏ యాప్ బావుందో తేలదు, ఏ బొమ్మ బావుందో మాత్రమే తేలుతుంది.

ఏ బొమ్మ వేయాలి? చెన్నైలో ఉన్న తెలుగువాళ్లకు నేను ఒక చోటు చెబుతాను. ఎగ్మోర్ మ్యూజియంలో అమరావతి శిల్పాల గది ఉంది. మన కృష్ణా తీరంలో దాదాపు రెండు వేల ఏళ్ల క్రితం చెక్కిన పాలరాయి రంగు సున్నపురాయి పలకలు అవి. వాటిలో గుండ్రటి పద్మాలు ఉంటాయి. నడుమ బొడ్డు, దాని చుట్టూ వరసలు వరసలుగా రేకులు. శుక్రవారం మ్యూజియానికి సెలవు, మరో రోజు వెళ్లండి. ఫొటో తీసుకోవడానికి టికెట్ ఏమైనా ఉందేమో కౌంటర్‌లో అడిగి, ఒక పద్మాన్ని ఎదురుగా నిలబడి నిటారుగా ఫొటో తీసుకోండి. ఆ పద్మం ఒక్కటి వేస్తే చాలు, యాప్ బండారం మొత్తం బయటపడుతుంది.

ఎలాగంటే, ముందు ఫొటోను ఒక లేయర్‌లోకి తెచ్చి మసక చేయండి. ఈ పని ఎన్ని నొక్కుళ్లలో అయిందో గమనించండి. పైన కొత్త లేయర్ వేసి, వృత్తాలు రూలర్ సాయంతో గీయండి. తర్వాత సిమెట్రీ పనిముట్టు వెతకండి. దొరికితే ఒక్క రేకు గీస్తే చుట్టూ రేకులు వాటంతటవే వస్తాయి. కొన్ని యాప్‌లలో రెండు వైపుల అద్దం మాత్రమే ఫ్రీ, చుట్టూ తిరిగేది తాళం వేసి ఉంటుంది. ముగ్గులు వేయాలనుకునేవాళ్లకు ఇక్కడే తేలిపోతుంది. క్రిటాలో మల్టీబ్రష్ ఈ పని హాయిగా చేస్తుంది.

అయితే అన్ని రేకులూ పనిముట్టు చేతే వేయించకండి. ఒక వరస మీ చేత్తో గీయండి. మొదట చాలా నెమ్మదిగా, ఏటవాలుగా ఒక పొడుగు గీత. గీత అలలు అలలుగా వణుకుతూ వస్తే అది మీ చేతి తప్పు కాకపోవచ్చు. చవక స్క్రీన్లలో ఏటవాలు గీతలు అలాగే వస్తాయి, స్టెబిలైజర్ పెంచితే సర్దుకుంటుంది. తర్వాత వేగంగా, దగ్గర దగ్గరగా నీడ గీతలు. పెన్ను ముందు వెళ్లిపోయి గీత వెనక వస్తుంటే ఆ యాప్ మీ ట్యాబ్‌కు బరువు. ఆ తర్వాత రేకు అంచు ఒక్క ఊపులో సన్నగా మొదలై మధ్యలో లావై మళ్లీ సన్నబడేలా గీయండి. ఇదే చెన్నైలో బతికిన బాపు గారి గీత చూసి పెరిగినవాళ్లం మనం. ఆ లావు సన్నాల కోసం కళ్లు వెతుకుతాయి. బ్రష్ సెట్టింగ్‌లో ప్రెషర్ కర్వ్‌ను, అంటే ఎంత నొక్కితే గీత ఎంత లావవ్వాలో చెప్పే వంపును, కొంచెం అటూ ఇటూ జరిపి చూడండి. గట్టిగా నొక్కే అలవాటున్న చేతికి ఒకలా, తేలిక చేతికి ఒకలా పెట్టుకోవాలి. యాప్ బాగోలేదనుకుని తీసేసేవాళ్లలో చాలామంది ఈ సెట్టింగ్ తెరిచి చూసి ఉండరు.

చివరిగా రంగు నింపడం. బకెట్‌తో ఒక రేకును నింపి, బాగా జూమ్ చేసి గీత పక్కనే చూడండి. గీతకూ రంగుకూ నడుమ తెల్లటి సన్నని జీర కనిపిస్తుంది. దూరం నుంచి కనబడదు, ప్రింట్‌లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మంచి యాప్‌లో నింపే రంగును ఒకటి రెండు పిక్సెల్స్ బయటికి పెంచే సెట్టింగ్ ఉంటుంది. రేకు అంచులో చిన్న సందు ఉంటే రంగు కాన్వాస్ అంతా పారుతుంది. ఆ సందును పట్టించుకోకుండా నింపే సెట్టింగ్ ఉందేమో కూడా చూడండి. పిల్లల కథలకు బొమ్మలు వేసేవాళ్లకు ఈ రెండు సెట్టింగ్‌లు గంటలకు గంటలు మిగులుస్తాయి.

బొమ్మ పూర్తయ్యాక ఏ యాప్ ఎక్కువ హంగులు చూపించిందని ఆలోచించకండి. ఏ యాప్‌లో ఉన్నప్పుడు మీటలు వెతుక్కోవడం మర్చిపోయి బొమ్మలో పడిపోయారు? నేనైతే దాన్నే ఉంచుకుంటాను.

7. తెలుగు అక్షరాలు

చెన్నైలో పిల్లలు బడిలో తమిళమో హిందీయో చదివినా, ఇంట్లో ఉగాది కార్డు మీద "శుభాకాంక్షలు" అని తెలుగులోనే ఉండాలనుకుంటాం. ఇక్కడ చాలా యాప్‌లు చేతులెత్తేస్తాయి. టెక్స్ట్ పనిముట్టు తెరిచి స్త్రీ, జ్యోత్స్న, లక్ష్మి అని టైప్ చేయండి. ఒత్తులు కింద సరిగ్గా కూర్చుంటే సంతోషం. అక్షరాలు విడిపోయి, పొల్లులు తేలి, వరసగా పక్కపక్కన పడితే ఆ యాప్‌కు తెలుగు రాదన్నమాట. మీ ఫాంట్ మారిస్తే బాగుపడుతుందేమో ఒకసారి చూడండి, లేకపోతే వదిలేయండి.

ఫాంట్లు కొనక్కర్లేదు. మల్లన్న, రామభద్ర, సూరన్న, మండలి, ధూర్జటి, గిడుగు లాంటి యూనికోడ్ (ఫోన్లు, ట్యాబ్‌లు అర్థం చేసుకునే ప్రామాణిక పద్ధతి) ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. శుభలేఖల్లో, పోస్టర్లలో వాడుకోవడానికి కూడా అనుమతి ఉంది. ఐబిస్ పెయింట్‌లో ఫాంట్ ఫైలును మీరే చేర్చుకోవచ్చు. డీటీపీ సెంటర్లో వాడే అను ఫాంట్లు తెచ్చి పెడితే మాత్రం పిచ్చి గుర్తులు వస్తాయి. అవి యూనికోడ్ కావు.

యాప్‌కు తెలుగు రాకపోయినా మిగతావన్నీ బావుంటే ఒక దారి ఉంది. అక్షరాలను తెలుగు సరిగ్గా చూపించే వేరే యాప్‌లో టైప్ చేసి, వెనక రంగు లేకుండా పీఎన్‌జీగా సేవ్ చేసి, బొమ్మలో కొత్త లేయర్‌గా తెచ్చుకోండి. ఇంకా మంచిది, ఆ అక్షరాల మీద ట్రేస్ చేస్తూ మీ చేత్తో రాయండి. మన అక్షరాల మెలికలు చేతిరాతలో ఉన్నంత అందంగా ఏ ఫాంట్‌లోనూ ఉండవు. అలా రాసేటప్పుడు స్టెబిలైజర్ తగ్గించుకోండి. ఎక్కువ ఉంటే తలకట్టు మొన మొద్దుబారి, ణ, ఖ లాంటి అక్షరాల లోపలి చిన్న మలుపులు పూడుకుపోతాయి.

8. బొమ్మ బయటికి వస్తుందా?

ఈ పరీక్ష చేయకుండా ఏ యాప్‌లోనూ రెండో బొమ్మ మొదలుపెట్టకండి. మీ పద్మాన్ని ముందు పీఎన్‌జీగా ఎక్స్‌పోర్ట్ చేయండి. వాటర్‌మార్క్ పడిందా, సైజు తగ్గిందా చూడండి. తర్వాత పీఎస్‌డీగా చేయండి. ఇది లేయర్లను విడివిడిగా ఉంచే ఫార్మాట్, క్రిటా చదువుతుంది, ఫొటోషాప్ చదువుతుంది, ఇంకా చాలా చదువుతాయి. ఇప్పుడు ట్యాబ్‌లోని ఫైల్స్ యాప్‌లోకి వెళ్లి ఆ ఫైలు ఎక్కడుందో వెతికి పట్టుకోండి. దొరికాక రెండో యాప్‌లో తెరవండి. లేయర్లు విడివిడిగా వచ్చాయంటే మీరు ఏ యాప్‌కూ బందీ కారు. లేయర్ల మీద వేసిన కొన్ని ప్రత్యేక ఎఫెక్టులు మారిపోవచ్చు, అది మామూలే.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. అడోబీ అంత పెద్ద కంపెనీయే ఫొటోషాప్ స్కెచ్, ఇలస్ట్రేటర్ డ్రా అనే రెండు ఉచిత యాప్‌లను 2021లో స్టోర్ల నుంచి తీసేసింది. స్కెచ్‌బుక్ చేతులు మారిన సంగతి పైన చెప్పాను. ఫ్రీ యాప్ రేపూ ఉంటుందని, రేపూ ఫ్రీగానే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వరు. అంతకంటే మామూలుగా జరిగేది ఇంకోటి. స్టోరేజ్ నిండిందని ఇంట్లో ఎవరో యాప్ తీసేస్తారు. యాప్‌తో పాటు దాని లోపలి గ్యాలరీ కూడా పోతుంది. చాలా యాప్‌లలో ఆ బొమ్మలు ట్యాబ్ గ్యాలరీలో విడిగా ఉండవు. నెలలపాటు వేసిన బొమ్మలు పోయి కంటతడి పెట్టుకున్న పిల్లల్ని చూశాను. అందుకే వారానికొకసారి పీఎస్‌డీలను గూగుల్ డ్రైవ్‌లోకో, పెన్‌డ్రైవ్‌లోకో వేయండి. డ్రైవ్‌లో 15 జీబీ ఉచితం. ఒక్కో పీఎస్‌డీ వంద ఎంబీ అనుకున్నా చాలా బొమ్మలు పడతాయి.

ఊళ్లో ఉన్న అమ్మమ్మకో, బాబాయికో వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపండి. ఫొటోగా పంపితే వాట్సాప్ సైజు తగ్గించేస్తుంది. గీతల అంచులు చెదురుతాయి.

9. చెన్నైలో వేసేటప్పుడు

యాప్ కుదిరింది. ఇక మన ఊరి గాలి సంగతి. ఉక్కపోతకు అరచేయి చెమర్చి స్క్రీన్‌కు అంటుకుంటుంది. తడి తగిలిన చోట స్క్రీన్ దాన్ని వేలనుకుని అడ్డదిడ్డంగా చుక్కలు పెడుతుంది. యాప్ సెట్టింగ్స్‌లో వేలితో గీయడాన్ని ఆపేసి, పెన్ను మాత్రమే గీసేలా పెట్టండి. ఒక్కో యాప్‌లో ఒక్కో పేరుతో ఉంటుంది, పైన చెప్పిన పెద్ద యాప్‌లలో వెతికితే దొరుకుతుంది. ఇది ఎస్ పెన్, ఆపిల్ పెన్సిల్ లాంటి, ట్యాబ్ వేలి నుంచి వేరుగా గుర్తుపట్టే పెన్నులకే పనికొస్తుంది, ఎందుకంటే మామూలు పెన్నును ట్యాబ్ కూడా వేలే అనుకుంటుంది. అలాంటి పెన్ను ఉన్నవాళ్లు చేతి కింద చిన్న పొడి గుడ్డ పెట్టుకోండి, లేదా రెండు వేళ్లకు మాత్రమే ఉండే డ్రాయింగ్ గ్లౌవ్ వేసుకోండి.

కాగితంలా గరుకుగా ఉండే స్క్రీన్ గార్డు రిచీ స్ట్రీట్‌లో అడిగితే వేసి ఇస్తారు. పెన్ను జారకుండా పట్టు దొరుకుతుంది, వెలుతురు ప్రతిబింబం తగ్గుతుంది. ప్రతిగా రంగులు కాస్త మసకగా కనిపిస్తాయి, పెన్ను మొన తొందరగా అరుగుతుంది. స్కెచ్‌లు ఎక్కువ వేసేవాళ్లు వేయించుకోండి, రంగులే ప్రాణమైనవాళ్లు వద్దు.

మెరీనాలోనో, మైలాపూర్ కోనేటి గట్టు మీదో కూర్చుని వేయాలంటే పొద్దున్నే వెళ్లండి. ఎండెక్కాక స్క్రీన్ వెలుగు పూర్తిగా పెంచినా రంగు తేడాలు కనబడవు. ట్యాబ్ వేడెక్కి తానే వెలుగు తగ్గించుకుంటుంది. బయట ఉన్నప్పుడు నలుపు గీతలు, రెండు మూడు నీడలు మాత్రం వేసుకుని, రంగులు ఇంటికొచ్చి నింపండి.

ప్రింట్ విషయానికొస్తే, చాలా ఫ్రీ యాప్‌లు స్క్రీన్ రంగుల్లోనే, అంటే ఆర్‌జీబీలోనే పనిచేస్తాయి. ప్రెస్‌లో వాడేది సీఎంవైకే, అంటే నాలుగు సిరాల పద్ధతి. స్క్రీన్ మీద మెరిసే నీలాలు, చిలకాకుపచ్చలు కాగితం మీద చప్పబడతాయి. శుభలేఖ లాంటివి వంద కాపీలు వేయించేముందు ఒక్క కాపీ తీయించి, పగటి వెలుతురులో చూసి, రంగులు సర్దుకుని అప్పుడు మిగతావి వేయించండి. షాపుకు పెన్‌డ్రైవ్‌లో పీఎన్‌జీ, పీడీఎఫ్ రెండూ పట్టుకెళ్లండి.